నెరవేరినందున మూసివేయడమైనది

సెప్టెంబరు 2, సోమవారం

ఈ రోజు నుంచి మళ్ళీ ఆఫీసు.

మెట్ల కింద నా గది అలాగే ఉంది. టేబుల్ మీద ఎవరెవరివో కీబోర్డులు, ఒక ప్రింటరు. ప్రింటరు మీద కాగితం అంటించి ఉంది: "పని చేయదు. తిట్టినా చేయదు." బ్యాటరీ దస్తూరీ. పొద్దున నోరు తెరిస్తే సాయంత్రం దాకా మూయడని అందరూ వాడిని అలా పిలుస్తారు. ఈ రోజు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పక్క కుర్చీవాడు, ఎప్పుడూ లేచింది లేదు.

"వచ్చేశావా?"

"వచ్చాను."

"ఇంకో వారం ఉండాల్సింది కదరా."

"ఇంట్లో ఉండి ఏం చేయను?"

వాడు ప్రింటరు మూత తెరిచి మూశాడు.

చాలాసేపు ఎవరూ ఫోన్ చేయలేదు. నేను పాపతో ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులు పాడైనవన్నీ నేను రాగానే బాగుపడినట్టున్నాయి. ఆఖరికి అకౌంట్స్ మేడమ్ చేసింది. "తొందరేం లేదు బాబూ, వీలున్నప్పుడే రా. స్క్రీన్ నల్లగా అయిపోయింది. నేనేం చేయలేదు, దానంతటదే అయింది." వెళ్ళి చూస్తే ఆమె కాలు తగిలి వైరు ఊడింది. పెట్టి వచ్చాను. నా మొహం చూడలేక ఆమె కీబోర్డు తుడుస్తూ కూర్చుంది.

కంప్యూటర్ దగ్గర ఎవరైనా చెప్పే మొదటి మాట అదే. నేనేం చేయలేదు, దానంతటదే అయింది. ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి వేరే మాట వినలేదు. పెద్ద అక్షరాల్లో రాసి గోడకి అంటిద్దామని బ్యాటరీ ఎప్పుడూ అంటుంటాడు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య పాప మంచం మీద కూర్చుని ఉంది.

"తిన్నారా?" అంది.

"తిన్నాను" అన్నాను.

డబ్బాలోది దారిలో కుక్కకి పెట్టాను.

సెప్టెంబరు 3, మంగళవారం

పడుకునే ముందు ఇద్దరం మోకరించాం. ప్రార్థన నేనే చేశాను. మాటలు వరసగా వచ్చాయి. ఆమె ఆమేన్ అనలేదు.

సెప్టెంబరు 5, గురువారం

పాస్టరు గారు ఫోన్ చేశారు.

"ఎలా ఉన్నావని అడగనయ్యా. అడిగితే బాగున్నానంటావు, నేను సరే అనాలి. ఇద్దరికీ అబద్ధాలెందుకు?"

తరువాత అసలు సంగతికి వచ్చారు. సంఘం మనవుల జాబితా పేరుకుపోయింది, వీలైతే ఒకసారి చూడమన్నారు. తొందరేం లేదన్నారు. ఈ వారం అందరూ నాకు తొందరేం లేదనే చెబుతున్నారు.

పోయిన ఏడాది ఆ ఏర్పాటు చేసింది నేనే. అంతకు ముందు ప్రార్థన మనవులన్నీ ఫోన్ గ్రూపులో పెట్టేవాళ్ళు. పొద్దున్నే వచ్చే పూల బొమ్మల కింద పడి ఎవరికీ కనిపించేవి కావు. ఆఫీసులో ఫిర్యాదులకు వాడే ప్రోగ్రామునే తెచ్చి పెట్టాను. "సమస్య" అని ఉన్నచోటల్లా "మనవి" అని మార్చాను. ఎవరైనా మనవి పంపితే జాబితాలో చేరుతుంది. సంఘంలో ఒకరు దాని పక్కన తమ పేరు పెట్టుకుని రోజూ ప్రార్థించాలి. నెరవేరితే నేను మూసేస్తాను. మూయడానికి కారణం ఒకటే పెట్టాను: నెరవేరింది. ఆఫీసులో అయితే చాలా ఉంటాయి, బాగు కాలేదు, విడి భాగం దొరకలేదు, వస్తువే పనికిరాకుండా పోయింది, అలా. సంఘానికి అవన్నీ ఎందుకని తీసేశాను. పాస్టరు గారు చూసి నవ్వారు. "దేవుడికి టోకెన్లు ఇప్పిస్తున్నావయ్యా నువ్వు" అన్నారు. కానీ పనిచేసింది. డ్రైవరుకి ఉద్యోగం దొరికింది, కుట్టు మిషన్ అక్కకి ఆపరేషన్ బాగా జరిగింది. ఒక్కొక్కటే మూస్తూ వచ్చాను.

పాతవి తీసేయడం ప్రతి శనివారం నా పని. పాప ఆస్పత్రిలో చేరినప్పటి నుంచి పోయేదాకా, ఆ తరువాత కూడా చేయలేదు.

సెప్టెంబరు 6, శుక్రవారం

సర్వరు గదిలో ఏసీ కారుతోంది. బకెట్ పెట్టాను. నిండుతుంటే చూస్తూ నిలబడ్డాను. బ్యాటరీ వచ్చి పిలిచాడు.

సెప్టెంబరు 7, శనివారం

పొద్దున సంఘం పని ముగించాను. భోజనాల బల్ల దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. ఆమె ఎదురుగా కూర్చుని ఉతికిన బట్టలు మడతపెడుతోంది. జాబితా చాలా పెద్దదయింది. నెల దాటి కదలిక లేనివన్నీ ఒకేసారి గుర్తు పెట్టి మూసేయడం నా అలవాటు. పేజీ కిందకి జరుపుతుంటే ఒకచోట వేలు ఆగింది. మళ్ళీ జరిపాను. ఆఖరి వరకు గుర్తు పెట్టి, మూసేయి అని నొక్కాను. జాబితా సగానికి సగం తగ్గింది. చూడటానికి బాగుంది.

ఆమె ఫోన్ ఒకసారి మోగింది. తీసి చూసి బోర్లా పెట్టింది.

"ఏం చేస్తున్నారు?" అంది.

"సంఘం పని."

"అయిపోయిందా?"

"అయిపోయింది."

లేచి లోపలికి వెళ్ళింది. తువ్వాళ్ళు మిగిలిపోతే నేను మడతపెట్టాను.

సెప్టెంబరు 8, ఆదివారం

ఆమె ఆరాధనకు రాలేదు. తలనొప్పి అంది.

పాటల చరణాలు తెర మీద వేసే పని నాదే. రెండో పాటకి మూడో పాట చరణాలు వేశాను. జనం కాసేపు దాన్నే పాడటానికి చూశారు.

అయిపోయాక కర్ర అవ్వ నా చెయ్యి పట్టుకుంది. ఈ రోజు ఆమె చేతిలో కర్ర లేదు, మనవరాలి భుజం పట్టుకుని ఉంది.

"నాయనా, నా మోకాళ్ళ మనవి నెరవేరిందని ఫోన్‌కి వచ్చిందంట. మనవరాలు చదివి చెప్పింది. నొప్పి మాత్రం అలాగే ఉంది. అయినా నెరవేరిందని వచ్చాక కర్ర పట్టుకుంటే అవిశ్వాసం కదా? ఇంట్లో పెట్టేసి వచ్చాను."

"పట్టుకో అవ్వా. పడతావు."

"అయిదుకు ఎన్ని మార్కులు వేస్తావని కూడా అడిగిందంట. దేవుడికి మార్కులేంటి నాయనా, విడ్డూరం కాకపోతే. అయిదుకి అయిదూ వేయించాను."

ఆ మెసేజ్ ఆపేశాననుకున్నాను. ఇంటికి వచ్చి చూశాను. ఆపలేదు. మూసిన ప్రతి మనవికీ వెళ్ళింది.

అన్నిటికీ వెళ్ళింది.

సెప్టెంబరు 9, సోమవారం

మెసేజ్ ఇది. "మీ మనవి నెరవేరినందున మూసివేయడమైనది. మా సేవ మీకు తృప్తి కలిగించిందా? అయిదుకు ఎన్ని మార్కులు వేస్తారు?" మొదటి వాక్యం నేను మార్చాను, తరువాతిది ఆఫీసుది అలాగే ఉండిపోయింది.

ఆమె మనవి కూడా మూసినవాటిలో ఉంది. పాపని ఆస్పత్రిలో చేర్చిన రోజు పంపింది. "మా పాప ఇంటికి రావాలి." దాని ఎదురుగా "నెరవేరింది" అని ఉంది.

ఇది సిస్టమ్ చేసే పని. గుర్తు పెట్టినవన్నీ అదే మూస్తుంది, మెసేజ్ అదే పంపుతుంది. మూసిందెవరో పక్కన పేరు కూడా అదే వేస్తుంది. అన్నిటికీ నా పేరే ఉంది. నేను తప్ప ఎవరూ మూయరు కాబట్టి అది లెక్కలోకి రాదు.

సెప్టెంబరు 10, మంగళవారం

శనివారం నుంచి ఆమె "తిన్నారా" అని అడగడం లేదు. ఈ రోజే గమనించాను. కుక్క మాత్రం అలవాటుగా మలుపు దగ్గర కూర్చుంటోంది.

సెప్టెంబరు 11, బుధవారం

సాయంత్రం పాస్టరు గారు ఇంటికి వచ్చారు. ఆమె టీ పెట్టింది. మేం ముగ్గురం ముందు గదిలో కూర్చున్నాం. పాప చెప్పులు ఇంకా తలుపు పక్కనే ఉన్నాయి. ఆయన తన చెప్పులు వాటికి తగలకుండా దూరంగా విడిచారు.

ఆయన కప్పు అందుకున్నాక ఆమె అడిగింది.

"అయ్యగారూ, మా మనవి నెరవేరిందని ఎవరు రాశారండీ?"

ఆమె గొంతు పెంచలేదు. పంచదార సరిపోయిందా అని అడిగినట్టే అడిగింది.

పాస్టరు గారికి మెసేజ్‌ల సంగతి అప్పటికే తెలుసు, ఆదివారం నుంచి అందరూ ఆయనకే ఫోన్ చేస్తున్నారు. జాబితా ఎవరు చూస్తారో కూడా తెలుసు. నా వైపు చూశారు. నేను గోడ మీద స్విచ్చి బోర్డు చూశాను. ఒక స్క్రూ వదులుగా ఉంది.

"తప్పు మా వైపుదే అమ్మా" అన్నారు ఆయన. "సంఘం పేరు మీద వచ్చింది కాబట్టి నాదే అనుకో."

"మీరు రాశారా?"

"నాదే అనుకోమ్మా."

"అయిదుకు ఎన్ని మార్కులు వేయమంటారు?"

ఆయన కప్పు కింద పెట్టారు. టీ చల్లారిపోయింది. తలలు వంచమని ప్రార్థన చేశారు, చిన్నది. ఎప్పుడూ పెద్ద ప్రార్థనలు చేసే మనిషి.

గేటు దాకా వెళ్ళి సాగనంపాను. ఇది సిస్టమ్ చేసే పని అండీ అని చెప్పాను. ఆయన విన్నారు.

"నువ్వే చెప్పుకోవయ్యా ఆమెకి. ఎన్నాళ్ళని నేను మోయను? నా నడుం అసలే అంతంత మాత్రం."

నవ్వుతూనే అన్నారు. బండి స్టార్టు కాలేదు. నేను తోశాను.

సెప్టెంబరు 12, గురువారం

జీతాల గుమస్తా ఒక ఫోల్డరు పోగొట్టుకున్నాడు. బ్యాటరీ ఫోన్‌లో అడిగాడు, "చివరగా ఏం నొక్కారు సార్?" అవతలి నుంచి ఏం జవాబు వచ్చిందో వాడి మొహం చూస్తేనే తెలిసింది.

"వీళ్ళు రేపు పరలోకం గుమ్మం దగ్గర కూడా ఇదే చెబుతారురా. నేనేం చేయలేదు ప్రభువా, దానంతటదే అయింది."

నేను నవ్వలేదు. దేవుడి మాట ఎత్తినందుకు నొచ్చుకున్నాననుకుని వాడు సారీ చెప్పాడు. పర్లేదన్నాను. ఫోల్డరు దొరికింది, గుమస్తానే దాన్ని పక్క ఫోల్డరులోకి లాగి వదిలేశాడు.

సెప్టెంబరు 13, శుక్రవారం

వదిన ఫోన్ చేసింది. ఆమె అక్క నాకు ఫోన్ చేయడం అరుదు.

"మరిదిగారూ, చెల్లెలు ఆదివారం నా దగ్గరికి వస్తానంది. మీకు చెప్పిందా?"

"చెప్పింది" అన్నాను. చెప్పలేదు.

"ఎన్నాళ్ళుంటావే అంటే తెలియదంది. తిరిగి వెళ్తావా అంటే దానికీ తెలియదంది. మీ ఇద్దరి మధ్య ఏమైందో నేను అడగను. మీరు మాట్లాడుకుంటున్నారా అసలు?"

"మాట్లాడుకుంటున్నాం."

"ఏం మాట్లాడుకుంటున్నారు?"

గుర్తు చేసుకోవడానికి చూశాను. గ్యాసు బండ అయిపోయిందన్న మాట గుర్తొచ్చింది. అదే చెప్పాను. వదిన ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం చూస్తే మంచం కింది పెట్టె బయట ఉంది. అడగలేదు. పెట్టె జిప్పు బిగుసుకుపోయి ఉంటే కొవ్వొత్తి రుద్ది వదులు చేశాను. ఆమె అది చూసింది. తరువాత రాస్తున్నప్పుడు అర్థమైంది, ఆమె వెళ్ళడానికి నేను సాయం చేశాను.

సెప్టెంబరు 14, శనివారం

ఆఫీసులో ఉండగా సంఘం జాబితా తెరిచాను. అన్నిటికంటే పైన ఎర్రగా ఒకటి ఉంది. మూసిన మనవికి ఎవరైనా జవాబు పంపితే అది మళ్ళీ తెరుచుకుంటుంది. నేను పెట్టిన పద్ధతే.

"మా పాప ఇంటికి రావాలి." దాని కింద మెసేజ్. దాని కింద ఆమె జవాబు.

"లేదు."

అంతే. మార్కులు వేయలేదు.

మళ్ళీ తెరుచుకున్న మనవికి పాత పేర్లు పోతాయి. ప్రార్థించే వాళ్ళ పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. కొత్తగా ఎవరో ఒకరు పెట్టుకోవాలి.

ఇది శనివారం. పాతవి తీసేసే రోజు. "సమోసాలు తేనా?" అని వెనక నుంచి బ్యాటరీ అరిస్తే "తే" అన్నాను. తెచ్చాక తినలేదు. వాడు నాది కూడా తిని, ఈ గదిలో ఎలుకలు ఎక్కువయ్యాయన్నాడు.

దేన్నీ మూయలేదు ఈ రోజు.

సెప్టెంబరు 15, ఆదివారం

పాటల చరణాలు వేరేవాళ్ళ చేత వేయించమని పొద్దున్నే పాస్టరు గారికి ఫోన్ చేశాను. ఎందుకని ఆయన అడగలేదు. "మంచిది" అన్నారు, అంతే.

ఆమె పాప గదిలో పెట్టె సర్దుకుంటోంది. బస్సు మధ్యాహ్నం. నేను గుమ్మంలో నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాననుకుంటాను, ఆమె చీరలన్నీ పెట్టడం అయిపోయింది.

"ఆ మనవి మూసింది నేనే" అన్నాను. "పాస్టరు గారు కాదు."

"తెలుసు."

"ఎలా?"

"ఎదురుగానే కూర్చున్నాను కదా. మీరు నొక్కారు, నా ఫోన్ మోగింది. మీరు తలెత్తుతారేమోనని చూశాను. ఎత్తలేదు."

పెట్టె మూత వేసింది, మళ్ళీ తెరిచింది.

"మరి ఆయన్ని ఎందుకు అడిగావు?"

"మీరు చెబుతారేమోనని. పాపం, ఆయన చెప్పారు."

నేను సిస్టమ్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. అన్నీ ఒకేసారి గుర్తు పెడతానని, ఒక్కొక్క పేరూ చదవనని. ఆమె చివరిదాకా విని అడిగింది.

"చూడకుండా మూశారా, చూసి మూశారా?"

పక్కింట్లో రేడియో పెట్టారు. మళ్ళీ ఆపేశారు.

"చూశాను" అన్నాను.

"చూసే మూశారా?"

"చూసే మూశాను."

"ఎందుకండీ?"

"తెరిచినప్పుడల్లా కనిపించేది. ఆ మాట. ఇంటికి రావాలి అని. చూడలేకపోయాను."

ఆమె పాప మంచం మీద కూర్చుంది.

"నేను చూడగలిగానా? నా ఫోన్‌లో లేదా అది? అయినా నెరవేరిందని నేను రాయలేదు."

తరువాత ఏం మాట్లాడుకున్నామో అంతా గుర్తులేదు. ఎక్కువేం మాట్లాడుకోలేదు. ఒకసారి ఆమె "మీరు ఏడవడం లేదేంటండీ?" అని అడిగింది. అది తిట్టడం కాదు, నిజంగానే అడిగింది. "రావడం లేదు" అన్నాను. "నాక్కూడా ఆగిపోయింది" అంది. ఇద్దరం కలిసి ఏదో పోగొట్టుకున్న వస్తువు గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకున్నాం.

బస్టాండుకి పెట్టె నేనే మోశాను. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదలక ముందు కిటికీలోంచి అంది, "అది మళ్ళీ మూయకండి."

"మూయను."

"ఎవరి పేరుంది దానికి?"

"ఎవరి పేరూ లేదు."

ఎప్పుడొస్తావని అడిగాను. తెలియదంది. బస్సు వెళ్ళింది. నీళ్ళ సీసా నా చేతిలోనే ఉండిపోయింది.

సెప్టెంబరు 16, సోమవారం

పాస్టరు గారికి ఫోన్ చేసి, ఆమెకి చెప్పానన్నాను. "నడుం తేలికైందయ్యా" అన్నారు. సంఘంలో అందరికీ మూసింది నేనేనని చెప్పమన్నాను. "నువ్వే చెప్పు, ఆదివారం మైకు ఇస్తాను. కర్ర అవ్వకి మాత్రం ఈ రోజే చెప్పు, నిన్న మెట్ల దగ్గర తూలింది" అన్నారు. ఆఫీసు నుంచి వస్తూ అవ్వ ఇంటికి వెళ్ళాను. తప్పుగా వచ్చింది అవ్వా, నేనే తప్పుగా పంపాను, కర్ర పట్టుకో అన్నాను. ఆమె ఏమీ అనుకోలేదు. "అయితే నా మార్కులు నాకు తిరిగి ఇచ్చేయ్" అంది.

మలుపు దగ్గర కుక్క లేచి నిలబడింది. ఈ రోజు డబ్బా లేదని దానికి ఎలా చెప్పాలో తెలియలేదు.

ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. కిటికీలో ఇంకా వెలుతురు ఉంది. మూసే కారణాల్లో ఇంకొకటి చేరుద్దామని చూశాను. ఏ మాట రాసినా సరిపోలేదు. చేర్చలేదు. మార్కులడిగే వాక్యం తీసేశాను.

పైన ఎర్రగా అదే ఉంది. ప్రార్థించే వాళ్ళ పేరు ఉండాల్సిన ఖాళీలో నా పేరు కొట్టాను. పేరు పెట్టుకున్నవాళ్ళు రోజూ ప్రార్థించాలి, నేను పెట్టిన నియమమే. కుర్చీ పక్కన మోకరించాను. ఏమని అడగాలో తెలియలేదు. మనవి పైకి చదివాను. మా పాప ఇంటికి రావాలి. నా గొంతులో ఆ మాట వినడం ఇదే మొదటిసారి. ఇంకేం రాలేదు. ఆమేన్ అనకుండానే లేచాను.

ఎవరైనా పేరు పెట్టుకుంటే మనవి పంపినవాళ్ళకి ఆ సంగతి దానంతటదే వెళుతుంది. అది మాత్రం నిజంగా దానంతటదే. నేను లేచేసరికి జాబితా పైభాగం మళ్ళీ ఎర్రబడి ఉంది. వదిన ఇంటి నుంచి ఆమె జవాబు.

"తిన్నారా?"

తిన్నాను అని సగం కొట్టాను. చెరిపేశాను.

"లేదు" అని రాసి పంపాను. తరువాత లేచి పొయ్యి మీద బియ్యం పెట్టాను.